సీసా మీది నెంబరు

ఆ మందు పొడుల కంపెనీలో ఫోను రెండుసార్లు బాగుచేయించారు. నిజానికి ఫోనుకేం రోగం లేదు. మోగేది, ఎవరో ఒకరు ఎత్తేవాళ్ళు, అవతల ఊపిరి వినపడేది. ఇవతల నుంచి "హలో, చెప్పండి" అని మగగొంతు పలకగానే టక్కున పెట్టేసేవాళ్ళు. చిన్నసారు దీన్ని లైను లోపమే అనుకున్నాడు. ఆయన కంపెనీ పెట్టిన పెద్దాయన కొడుకు, ఇప్పుడు అన్నీ చూసుకునేది ఆయనే. మెకానిక్కు వచ్చాడు, వైరు మార్చాడు, వెళ్ళాడు. మళ్ళీ అదే తంతు.

ఒకరోజు చిన్నసారు బయటికి వెళ్ళినప్పుడు ఫోను మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. మేడ మీద సీసాలకు మూతలు బిగించే ఆమె దాహమేసి కిందికి దిగింది, ఆ గోల భరించలేక ఎత్తింది.

"హలో" అంది.

 అవతల నుంచి ఒక ఆడగొంతు, "అమ్మయ్య, ఆడవాళ్ళున్నారా అక్కడ!" అంది. అలా మొదలైన మాట నలభై నిమిషాలు సాగింది. చిన్నసారు తిరిగొచ్చేసరికి ఆమె రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో, "అవునమ్మా, అవును... నాకూ అంతే" అంటోంది.

మర్నాటి నుంచి మెట్ల కింద, మూతల బస్తాల పక్కన, ఒక బల్లా కుర్చీ వేసి ఆమెను అక్కడ కూర్చోబెట్టారు. అప్పుడామెకు నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై రెండేళ్ళు మూతలు బిగించిన మనిషి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. పది రోజులు తిరక్కుండానే పిండిమర దగ్గరి వాళ్ళ నుంచి లారీ డ్రైవరు దాకా అందరూ ఆమెను ఫోనమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

కంపెనీ అంటే పెద్దదిగా ఊహించుకోనక్కర్లేదు. ఇరుకు సందులో మూడంతస్తుల పాత భవనం. కింద మర, జల్లెడలు. మొదటి అంతస్తులో సీసాలు, అట్టపెట్టెలు. పైన పెద్దసారు గది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు, మూడు తరాల వైద్యం. రోజూ పొద్దున్నే ఆ రోజు మరపట్టిన పొడిని చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటాడు. ఆయన కళ్ళు తెరిచి తలాడిస్తేనే పొడి సీసాల్లోకి దిగుతుంది. వాళ్ళు అమ్మేవి నాలుగు రకాలు. అందులో బాగా పోయేది ఆడవాళ్ళ పొడి. శతావరి అనే పిల్లిపీచర గడ్డ, సోంపు, మెంతులు, అవిసె గింజలు, అతిమధురం. నెలసరి తప్పుతున్న పిల్లలూ వాడేవాళ్ళు, నెలసరి ఆగిపోయే వయసు పెద్దవాళ్ళూ వాడేవాళ్ళు. సీసా మీద కింద చిన్న అక్షరాల్లో, "సందేహాలకు" అని ఫోను నెంబరు.

చిన్నసారు ఒక కాగితం రాసిచ్చాడు. ఎవరు ఏమడిగినా అందులోంచే చదవాలి. మొదటి వాక్యం, "మా చూర్ణం స్త్రీల హార్మోన్లను సమతుల్యం చేస్తుంది." ఫోనమ్మ ఆ కాగితం పట్టుకుని పైకెళ్ళి పెద్దసారుని అడిగింది.

"సారూ, హార్మోన్లంటే ఏంటి? రోజుకి ముప్పైసార్లు చెబుతున్నా, నాకే తెలీదు."

ఆయన నవ్వాడు. "మా నాన్నకీ ఆ మాట తెలీదమ్మా. ఒంట్లో ఒకచోట పుట్టి, రక్తంలో కలిసి, ఇంకోచోటికి కబురు మోసేవి. నిద్రపో, లే, ఈ నెల రా, ఇంక చాల్లే అని చెప్పేవి అవే. కబురు ఎక్కువైనా తంటానే, తక్కువైనా తంటానే."

"మరి మన పొడి ఆ కబుర్లని సరిచేస్తుందా?"

 "కొందరికి హాయినిస్తుంది. నలభై ఏళ్ళుగా చూశా. ఎందుకో, ఎంతో అడిగితే మాత్రం నేను చెప్పలేను" అన్నాడు.

ఆ జవాబు ఆమెకు నచ్చింది. కాగితం మడిచి సొరుగులో పెట్టేసి, తనకు తెలిసినట్టే మాట్లాడసాగింది.

ఎందుకంటే ఆమెకూ ఆ వయసే, ఆ బాధే. ఉన్నట్టుండి రొమ్ముల దగ్గర నిప్పు రాజుకున్నట్టు మొదలై, మెడ మీదుగా నెత్తికెక్కే వేడి. పలకరించిన వాళ్ళ మీద కారణం లేకుండా కస్సుమనడం. ఆమె మొగుడు లిఫ్టులు బాగుచేసేవాడు, ఇంట్లో చలికోటు వేసుకుని తిరిగేవాడు. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను గిరగిరా తిప్పి, ఇంకా ఉడికిపోతున్నానంటుంది మరి. "లిఫ్టయితే ఏ తీగె తెగిందో చెప్పేవాణ్ణి, నీ సంగతి నాకు అంతుపట్టట్లేదే" అనేవాడు పాపం. తనూ రోజూ పొద్దున ఒక చెంచా పొడి వేసుకునేది. ఫోనులో ఎవరైనా "నీకు పనిచేసిందా అక్కా?" అనడిగితే ఉన్నదున్నట్టు చెప్పేది. "నిద్ర కాస్త నయం. వేడి మాత్రం ఎక్కడికీ పోలేదు." అది విన్నప్పుడల్లా చిన్నసారు నుదురు పట్టుకునేవాడు. కానీ జనం ఆ మాటకే ఆమెను నమ్మారు. పొడి అయిపోయినా అవ్వకపోయినా ఫోను చేసేవాళ్ళు. పేర్లు అడగడం ఆమెకు అలవాటు లేదు. అందుకని ఒక్కొక్కరికీ ఒక గుర్తు పెట్టుకుంది. మూడో అంతస్తు అమ్మ, పిల్లిని పెంచే అక్క, దగ్గు టీచరు.

అలాంటి వాళ్ళలో ఒకామె టైలరమ్మ. మూడు గంటల ప్రయాణం దూరంలో ఏదో ఊళ్ళో బట్టలు కుట్టే దుకాణం. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వయసు యాభై ఎనిమిది. ఆమె మాట్లాడుతుంటే వెనక మిషను టకటకలాడుతూనే ఉండేది. ఆమె ఫోనమ్మని "చెల్లీ" అనేది, ఫోనమ్మ ఆమెను "అక్కా" అనేది. మొహాలు చూసుకోకుండానే రెండేళ్ళు గడిచాయి.

ఒక మంగళవారం పొద్దున టైలరమ్మ ఫోను చేసింది.

"చెల్లీ, నీ నోట్లో చక్కెర పొయ్య! మీ పొడి మామూలుది కాదే!"

"ఏమైందక్కా?"

"మూడేళ్ళయింది కదా నాకు ఆగిపోయి. మొన్న మళ్ళీ మొదలైంది! పోయిన నెలలో రెండు రోజులు కనిపించింది, ఈ నెలలో నాలుగు రోజులు. వయసు వెనక్కొచ్చిందే నాకు!" అని పకపకా నవ్వింది.

చిన్నసారు ఆ పూట పక్కనే నిలబడి మూతల లెక్క చూస్తున్నాడు. స్పీకరు ఆన్‌లో ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఫోనమ్మ చేతిలోంచి రిసీవరు దాదాపు లాక్కున్నంత పని చేసి, "అమ్మా, ఈ మాట పేపర్లో వేస్తే మీకేమన్నా అభ్యంతరమా? మీ ఫోటోతో?" అనడిగాడు.

"ఫోటో అంటే కొత్త బట్టలు కుట్టుకోవాలి" అంది టైలరమ్మ. మళ్ళీ నవ్వింది.

వచ్చే సోమవారం ఫోటోగ్రాఫరుని పంపిస్తానని చిన్నసారు మాటిచ్చాడు. మధ్యాహ్నానికి పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం రాసి గోడకి అంటించాడు కూడా. "యాభై ఎనిమిదేళ్ళకు తిరిగొచ్చిన యౌవనం."

ఫోనమ్మకు మాత్రం లోపల ఏదో గీరుకుంటోంది. పొడి మంచిదంటే ఆమెకు సంతోషం కాదా? ఇరవై రెండేళ్ళు తన చేత్తో మూతలు పెట్టిన సీసాలవి. కానీ టైలరమ్మ ప్రతి మాట చివరా నవ్వింది. రెండేళ్ళలో ఎప్పుడూ అలా నవ్విన మనిషి కాదు. పైగా వెనక మిషను చప్పుడు లేదు. పని ఆపి మరీ ఫోను చేసింది.

అన్నం డబ్బా విప్పబోయి, మూసేసి పైకి వెళ్ళింది.

పెద్దసారు కిటికీ దగ్గర కూర్చుని అతిమధురం ముక్క చప్పరిస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. చప్పరించడం ఆపాడు. ముక్కను తీసి కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాడు. 

"మూడేళ్ళన్నావు కదూ, ఆగిపోయి?"

"అవును సారూ."

"ఆమెను వెంటనే ఆసుపత్రికి వెళ్ళమను. ఇవాళే ఫోను చెయ్యి. పొడి ఆపెయ్యమను." ఆయన కాగితం పొట్లాన్ని దూరంగా నెట్టాడు. "మా ఆవిడకీ ఇంతేనమ్మా. ఆగిపోయి ఏడాదిన్నర అయ్యాక మళ్ళీ కనిపించింది. నేను వైద్యుణ్ణి కదా! ఇంట్లో మందు పెట్టుకుని బయటికెందుకు వెళ్ళాలనుకున్నా. ఎనిమిది నెలలు కషాయం కాచి నా చేత్తో తాగించా. తగ్గుతోందిలే, తగ్గుతోందిలే అంటూ. చివరికి తీసుకెళితే, గర్భసంచి క్యాన్సరని చెప్పి, డాక్టరు నన్నొక్కటే అడిగింది, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని."

 ఆయన భార్య పోయి పాతికేళ్ళు దాటిందని ఫోనమ్మకు తెలుసు. ఎలా పోయిందో ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు.

"అందరికీ అదే రోగం కానక్కర్లేదు" అన్నాడాయన మళ్ళీ. "చాలామందికి చిన్న కారణమే ఉంటుంది. కానీ అది చిన్నదని తేల్చాల్సింది మనం కాదు."

ఆమె దిగివచ్చి ఫోను చేసింది. సూటిగా చెప్పడం ఎలాగో తెలీక చుట్టూ తిప్పి చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు. "అక్కా, ఫోటో సంగతి తర్వాత చూద్దాంలే, ముందు నువ్వొకసారి డాక్టరుకి..."

"ఏం, ఫోటోకి నేను పనికిరాననా?" టైలరమ్మ గొంతు మారిపోయింది. "ముసలిదాన్ని వెయ్యడం ఇష్టం లేకపోతే చక్కగా చెప్పొచ్చుగా! రోగమని వంక పెట్టడం దేనికి?"

"అది కాదక్కా..."

పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. బుధవారం ఎత్తలేదు. గురువారం ఎత్తి, ఫోనమ్మ గొంతు వినగానే పెట్టేసింది.

ఈలోగా సంగతి చిన్నసారు చెవిన పడింది. మెట్ల కిందికి వచ్చి కేకలేశాడు. "నిన్ను కూర్చోబెట్టింది మందు గురించి చెప్పడానికా, ఉన్నవాళ్ళని తరిమెయ్యడానికా? నువ్వేమన్నా డాక్టరువా?"

"కాను సారూ. కాను కాబట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నా" అంది. ఎదురుపడితే నోట్లో నాలుక లేని మనిషని పేరుబడ్డ ఫోనమ్మేనా ఈ మాట అన్నదని మర దగ్గరివాళ్ళు తొంగి చూశారు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. రోజూ పెద్దసారు పైనుంచి దిగేది ఒక్కసారే, సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు. అలాంటిది నడిమధ్యాహ్నం గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వస్తున్నాడు. చివరి మెట్టు మీదే కూర్చున్నాడు.

"ఆమెనేం అనకు. నేనే చెప్పమన్నా" అన్నాడు కొడుకుతో. "మీ అమ్మ ఎలా పోయిందో నీకు తెలుసా?"

"కడుపునొప్పని..." చిన్నసారు నసిగాడు. "నాకప్పుడు పన్నెండేళ్ళు."

"నేను నీకు చెప్పింది అదే. అది నిజం కాదురా." అని అందరి ముందూ, మర ఆపించి మరీ, ఆ ఎనిమిది నెలల సంగతీ చెప్పాడు. ఏం దాచలేదు. తన మీద తనకు ఎంత నమ్మకం ఉండేదో, ఆవిడ రెండుసార్లు ఆసుపత్రి పేరెత్తితే తను ఎలా కొట్టిపారేశాడో, అన్నీ చెప్పాడు. చిన్నసారు తల వంచుకుని విన్నాడు.  తర్వాత వెళ్ళి గోడ మీది కాగితం తనే చింపేశాడు.

మర్నాడు పొద్దున ఫోనమ్మ బల్ల మీద ఒక చీటీ ఉంది. పార్సిళ్ళు పంపే పుస్తకంలోంచి ఎత్తి రాసిన టైలరమ్మ అడ్రసు. కింద చిన్నసారు చేతిరాత. "ఇవాళ సెలవు తీసుకో. వెళ్ళిరా."

ఆమె మొగుడు బస్సెక్కించాడు. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, "వేడెక్కితే ఆ అద్దం జరుపు. పక్కవాళ్ళు చలికి వణికినా పట్టించుకోకు, నాకు అలవాటైనట్టే వాళ్ళకీ అవుతుంది" అన్నాడు.

దుకాణం వెతకడం కష్టం కాలేదు. చెప్పుల షాపుకీ తాళాలు చేసేవాడికీ మధ్య, రెండు బారల వెడల్పు గది. గుమ్మంలో తల లేని బొమ్మకు సగం కుట్టిన కోటు. లోపల ఒక పొట్టి మనిషి, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. నేల మీద గుడ్డపేలికలు.  ఫోనులో అన్నేసి మాటలాడే ఫోనమ్మకు, ఎదురుగా నిలబడేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

టైలరమ్మ ఆమెను కొత్త బేరమే అనుకుంది. "రండి, ఇలా తిరగండి" అంటూ టేపు తీసి భుజాలు కొలిచింది, చెయ్యి కొలిచింది, అంకెలు గొణుక్కుంటూ సుద్దతో బల్ల మీద రాసుకుంది. నడుము కొలవబోతూ, "ఎప్పటికి కావాలి?" అనడిగింది.

"అక్కా" అంది ఫోనమ్మ.

టేపు కిందపడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఫోనులో ఇంత లావున్నావనుకోలేదే" అంది టైలరమ్మ చివరికి. కోపంగా అందామనుకుంది కానీ కుదరలేదు. స్టూలు మీద కూలబడింది.

ఫోనమ్మ గుడ్డపేలికలు పక్కకు నెట్టి, ఆమె కాళ్ళ దగ్గర నేల మీదే కూర్చుంది. ఈసారి చుట్టూ తిప్పలేదు. పెద్దసారు భార్య సంగతి చెప్పింది. ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ కనిపిస్తే అది యౌవనం కాదని, ఒళ్ళు చూపించుకోమని ఇస్తున్న గుర్తని చెప్పింది. "ఏం కాకపోవచ్చు. కానీ ఏం కాదని డాక్టరు చెప్పాలి. నేను చెప్పకూడదు, నువ్వు అనుకోకూడదు" అంది.

టైలరమ్మ కిందపడ్డ టేపు తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత నెమ్మదిగా అంది.

"నాకు తెలీదనుకున్నావా? మొదటిసారి కనిపించినప్పుడే గుండె గుభేలుమంది. ఎవరికి చెప్పుకోను? ఇంట్లో గోడలకా? నీకు సంతోషంగా చెబితే, నువ్వూ సంతోషిస్తే, అది నిజంగా మంచిదే అయిపోతుందనుకున్నా. నువ్వు కూడా భయపడేసరికి నాకు ఎక్కడలేని కోపమొచ్చింది."

"నువ్వు మరీ నవ్వావక్కా. అందుకే వచ్చా."

టైలరమ్మ లేచింది. బొమ్మ మీది కోటుకు గుడ్డ కప్పింది. దుకాణానికి తాళం వేసింది. రెండుసార్లు లాగి చూసింది. "పద. మళ్ళీ మనసు మారకముందే పద" అంది.

ఆ ఊరి ఆసుపత్రిలో ఆడవాళ్ళ విభాగం వెనక వసారాలో ఉంది. పొడుగాటి బల్ల మీద పదిమంది. డాక్టరమ్మకు ముప్పై ఐదుంటాయేమో, మాట కటువు, చెయ్యి మెత్తన. పరీక్ష చేసింది, స్కానింగు రాసింది, "ఏమన్నా మందులు వాడుతున్నారా? ఇంటి మందులు, పొడులు, ఏవైనా?" అనడిగింది.

ఫోనమ్మ సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. తిట్లు తినడానికి సిద్ధపడింది. డాక్టరమ్మ సీసా తిప్పి, ఏమేం కలిపారో చదివింది.

"దీని వల్లే వచ్చిందని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఇందులో కొన్నిటికి హార్మోన్ల మాదిరి కాస్త పనిచేసే గుణం ఉందంటారు. ప్రస్తుతానికి ఆపెయ్యండి. స్కానులో గర్భసంచి లోపలి పొర మందంగా ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ముందే వచ్చారు, మంచి పని చేశారు."

ఆ ఆఖరి మాటకు టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. వెంటనే ఫోనమ్మ జబ్బ పట్టుకుని ముందుకు తోసింది. "డాక్టరుగారూ, ఈవిణ్ణి కూడా చూడండి. ఊరందరికీ సలహాలు చెబుతుంది, ఒక్కసారీ డాక్టరు మొహం చూసి ఎరగదు. వచ్చినప్పట్నించి చూస్తున్నా, మూడుసార్లు చెమటలు పట్టాయి."

"నాకేం వద్దక్కా, నేను నీ కోసం వచ్చా..."

"నన్ను లాక్కొచ్చావుగా, నువ్వూ కూర్చో!"

కూర్చుంది. డాక్టరమ్మ జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టింది. ముల్లు చూసింది. మళ్ళీ కొట్టింది. "మీకు బీపీ ఎక్కువుందని తెలుసా? ఈ పొడి మీరూ వేసుకుంటున్నారా? ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు దాటింది."

"ఇందులో అతిమధురం ఉంది. అది రోజూ వేసుకుంటే కొందరికి బీపీ పెరుగుతుంది. మీది దానివల్లే కాకపోవచ్చు, కానీ మానెయ్యండి, పదిహేను రోజుల్లో మళ్ళీ చూపించుకోండి. ఆ వేడికి కూడా మందులున్నాయి. ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు."

ఫోనమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. ఓర్చుకోనక్కర్లేదట! రెండేళ్ళుగా తన మొగుడు చలికోటుతో, తను తడిసిన బట్టలతో, ఇది ఇంతేలే అని సరిపెట్టుకున్నారు. బయటికొచ్చాక టైలరమ్మ భుజం మీద తల వాల్చి ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియలేదు.

స్కానులో పొర మందంగా కనిపిస్తే ముక్క తీసి పంపారు, పది రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. ఆ పది రోజులూ ఇద్దరూ రోజుకు రెండుసార్లు మాట్లాడుకున్నారు. ఎక్కువగా కుట్టుపని గురించే. పొరలో కణాలు దారి తప్పడం మొదలైంది, కానీ ఇంకా చెడ్డ రోగంగా మారలేదు. గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. ఆపరేషను రోజున ఫోనమ్మ వెళ్ళింది, మూడు రోజులు ఉంది. చిన్నసారు ఫోను దగ్గర తనే కూర్చున్నాడు. ఎవరూ మాట్లాడలేదనుకోండి, అది వేరే సంగతి. రెండు నెలలకు టైలరమ్మ మళ్ళీ మిషనెక్కింది. ఆ రోజు కొలిచిన కొలతలతో ఒక మంచి కోటు కుట్టి పార్సిలు చేసింది. నడుము దగ్గర బిగుతైంది. "కొలవకుండానే ఏడిపించావు, తప్పు నీదే" అంది ఫోనులో.

కంపెనీలో మాత్రం అసలు గొడవ అప్పుడు మొదలైంది. సీసాతో పాటు పెట్టే కాగితం మార్చాలన్నాడు పెద్దసారు. తనే చెబుతూ రాయించాడు. "రజోనివృత్తి అనంతరం పునః రక్తస్రావము సంభవించినచో..."

"సారూ, ఎవరికర్థమవుతుందది?" అంది ఫోనమ్మ.

"మరెలా రాయాలంటావు?"

"నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా, ఈ సీసా పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అంతే."

పెద్దసారు కలం కింద పెట్టాడు. "నువ్వే చెప్పు. నేను రాస్తా" అన్నాడు. ఇద్దరూ నాలుగు రోజులు కూర్చున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు వాడొద్దు. వేరే మందులు వాడుతున్నవాళ్ళు ముందు డాక్టరుని అడగండి. రొమ్ములో గడ్డ ఉంటే, గర్భసంచిలో గడ్డలుంటే అడక్కుండా వాడొద్దు. మూడు నెలలు వాడినా నెలసరి దారికి రాకపోతే పొడినే నమ్ముకుని కూర్చోకండి, పరీక్ష చేయించుకోండి. చివరికి కాగితం రెండు వైపులా నిండింది. చిన్నసారు అది చదివి, "ఇది చదివాక ఎవరైనా కొంటారా?" అన్నాడు. కానీ ఆ గొంతులో మునుపటి పొగరు లేదు. అచ్చుకు తనే తీసుకెళ్ళాడు. అక్షరాలు పెద్దవిగా వెయ్యమని ప్రెస్సువాడితో తనే పోట్లాడాడు.

అతిమధురం సంగతే పెద్దసారుకి మింగుడుపడలేదు. అది వాళ్ళ తాత పాళ్ళు కట్టిన పొడి. ఇన్నేళ్ళలో ఒక్క దినుసు మార్చలేదు. రెండు వారాలు పైనుంచి దిగకుండా ఏవేవో కలుపుతూ, చప్పరిస్తూ, ఉమ్మేస్తూ గడిపాడు. చివరికి ఒక సాయంత్రం ఫోనమ్మను పైకి పిలిచి చేతిలో చిటికెడు పోశాడు. ఆమె నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది.

"ఇదేంటి సారూ, ఇంత చేదు!"

"తీపంతా అతిమధురానిదే కదమ్మా. అది తీసేశాం. మెంతులు మిగిలాయి" అన్నాడాయన. తాత ఏమనుకుంటాడోనని దిగులుగా ఉన్నా, కళ్ళలో ఒక చిలిపితనం. "అమ్ముడుపోతుందంటావా?"

"చేదంటే జనానికి మందన్న నమ్మకం ఎక్కువలెండి."

ఇప్పుడు ఫోనమ్మకు యాభై రెండు. బీపీ మాత్ర రోజూ వేసుకుంటుంది. డాక్టరమ్మ ఇచ్చిన మందుతో వేడి చాలావరకు దిగింది. పొద్దున లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంటోంది. మొగుడు చలికోటు అటక మీద పెట్టేశాడు. నెలకోసారి తన ఊరి ఆసుపత్రి ఆడవాళ్ళ విభాగంలో నర్సు పిలిస్తే వెళ్ళి, బల్ల మీద కూర్చున్నవాళ్ళతో మాట్లాడి వస్తుంది.  ఎదురుగా మొహాలుంటే ఇప్పటికీ కొంచెం తడబడుతుంది, అందుకని గోడ వైపు చూస్తూ మాట్లాడుతుంది. వినేవాళ్ళు నవ్వుతారు, కానీ లేచి వెళ్ళరు.

కొత్త పొడి బజార్లోకి వెళ్ళిన వారం రోజులూ ఫోను ఊపిరి తీసుకోనివ్వలేదు. అందరిదీ ఒకటే ఫిర్యాదు.

"ఏంటమ్మా ఇది, నోట్లో పెట్టుకోలేకపోతున్నాం!"

"అవునమ్మా, చేదే. నేనూ చూశా. వేడి పాలలో కలిపి ముక్కు మూసుకుని తాగెయ్యండి" అంటుంది ఫోనమ్మ, పెన్ను మూత తీస్తూ. "అది సరే గానీ, ముందు చెప్పండి. మీ వయసెంత? బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా? నెలసరి వస్తోందా, ఆగిందా? ఆగితే, ఎన్నాళ్ళయింది?"